సంతవీధిలో మిగిలిపోయినవారు

యేసుప్రభువు చెప్పిన ద్రాక్షతోట కూలీల ఉపమానం (మత్తయి 20:1–16) మనందరికీ తెలిసిందే. యజమాని తెల్లవారగానే వెళ్లి కూలీలను మాట్లాడుకున్నాడు. తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి మళ్లీ వెళ్లి మరికొందరిని తోటకు పంపాడు. పొద్దుగూకడానికి ఇంకో గంట ఉందనగా మరోసారి వెళ్లి చూస్తే సంతవీధిలో ఇంకా కొందరు నిలబడే ఉన్నారు. రోజంతా ఊరికే ఎందుకు నిలబడ్డారని అడిగాడు. తమను ఎవరూ పనికి పెట్టుకోలేదని వాళ్లు జవాబిచ్చారు. ఈ ఉపమానం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాం. కూలి పంపకం దగ్గర, ముందొచ్చినవారి సణుగుడు దగ్గర ప్రసంగీకులు ఆగుతారు. ఆ జవాబు దగ్గర ఆగేవారు మాత్రం అరుదు.

వాళ్లు సోమరులు కారు. సోమరి ఎవడూ సాయంత్రం అయిదింటిదాకా పనికోసం ఎదురుచూస్తూ నిలబడడు. వాళ్ల వయసెంతో బైబిలు చెప్పలేదు. కానీ మన పట్టణాల్లో పొద్దున్నే కూలీల అడ్డా మీదుగా వెళ్లేవారికి ఆ దృశ్యం పరిచయమే. మేస్త్రీ రాగానే ముందు కుర్రాళ్లను ఏరుకుంటాడు. జుట్టు నెరిసినవారు, నడుం వంగినవారు చివరిదాకా మిగిలిపోతారు. పది గంటలు దాటాక సద్దిమూట విప్పకుండానే ఇంటిదారి పడతారు.

ఇది అడ్డా మీది కూలీల కష్టం మాత్రమే అయితే ఈ వ్యాసం ఇంతటితో ముగిసేది. ఇప్పుడు అదే ఏరివేత ఏసీ గదుల్లో, కంప్యూటర్ తెరల మీద, డిగ్రీలున్నవారి మధ్య కూడా జరుగుతోంది. దీనికి వయోవివక్ష అని పేరు.

అచ్చులో కనిపించే అన్యాయం

ఏ వారమైనా ఉద్యోగ ప్రకటనలు చూడండి. 'వయసు 35 లోపు ఉండాలి', 'యువకులకు ప్రాధాన్యం', 'చురుకైన యువతులు కావలెను' అని ఉంటుంది. ఫలానా కులంవారు దరఖాస్తు చేయనక్కర్లేదని ఎవరైనా అచ్చువేస్తే మర్నాటికి ఊరంతా గొడవ అవుతుంది, కావాలి కూడా. నలభై దాటినవారు రానక్కర్లేదని అచ్చువేస్తే మాత్రం ఎవరికీ ఏమీ అనిపించదు.

చట్టం కూడా ఇక్కడ మౌనంగానే ఉంది. ప్రభుత్వోద్యోగాల్లో వివక్ష కూడదని చెప్పే మన రాజ్యాంగం 16వ అధికరణంలో మతం, జాతి, కులం, లింగం, వంశం, పుట్టిన చోటు, నివాసం ఉన్నాయి. వయసు లేదు. ఉద్యోగ వివక్షపై అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన 111వ ఒడంబడికను భారత్ 1960లో ఆమోదించింది. అందులోని ప్రధాన జాబితాలోనూ వయసు లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల కోసం 2007లో తెచ్చిన చట్టం పిల్లలు వారిని పోషించాలని చెబుతుంది కానీ, పనిచేయగలిగినవారికి పని నిరాకరించకూడదని చెప్పదు. అరవై దాటినవారికి ఉద్యోగాలు చూపించడానికి కేంద్ర ప్రభుత్వం 2021 అక్టోబరులో 'సేక్రెడ్' అనే పోర్టల్ ప్రారంభించింది. అది మంచి పనే. అయితే అసలు చిక్కంతా అరవైకి ముందే, నలభై అయిదుకూ అరవైకీ మధ్యలో ఉంది.

పాత కార్మిక చట్టంలో ఒక చక్కని నియమం ఉండేది. పనివారిని తగ్గించాల్సివస్తే సాధారణంగా చివర చేరినవారినే ముందు పంపాలని 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం చెప్పింది. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నియమాన్ని ఉంచారు. ఏళ్లతరబడి చాకిరీ చేసినవారికి అది కొంత రక్షణ. కానీ అది కార్మికులకే వర్తిస్తుంది, మేనేజర్ల స్థాయివారికి వర్తించదు. పైగా రాజీనామా ఉత్తరం మీద సంతకం పెట్టించుకుంటే తొలగింపు అన్న మాటే ఉండదు. ఇరవై ఏళ్లు పనిచేసి, పదోన్నతులు పొంది, మేనేజర్ అయినవాడు తన పదోన్నతితోనే ఆ రక్షణ పోగొట్టుకుంటున్నాడు.

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతాన్ని, అంటే 12 వేల మందికి పైగా ఉద్యోగులను తగ్గిస్తామని ప్రకటించింది. ఆ కోత ప్రధానంగా మధ్య, ఉన్నత స్థాయులవారిపై ఉంటుందని కూడా చెప్పింది. ఆ ప్రకటనలో వయసు అన్న మాట లేదు. మారుతున్న నైపుణ్యాలను, కొత్త పనుల్లో సర్దుబాటు చేయలేకపోవడాన్ని కంపెనీ కారణాలుగా చూపింది. ఆ కారణాలు నిజమే కావచ్చు. అయితే మధ్య స్థాయిలో ఉండేది ఇరవై అయిదేళ్ల కుర్రాళ్లు కాదు. పిల్లలు ఇంటర్మీడియట్‌లోనో ఇంజనీరింగులోనో ఉండి, ఇంటి అప్పు సగం మిగిలి, తల్లిదండ్రులకు మందుల ఖర్చు మొదలైనవారు.

అలాంటివారు నలభై ఎనిమిదో ఏట ఇంటికి వస్తే ఏం జరుగుతుందో లెక్కవేసి చూడండి. ప్రావిడెంట్ ఫండ్‌తో ముడిపడిన 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో పూర్తి పింఛను రావాలంటే 58 ఏళ్లు నిండాలి. పదేళ్ల సర్వీసు ఉన్నవారు 50 దాటాక ముందుగానే తీసుకోవచ్చు కానీ, ముందు తీసుకున్న ప్రతి ఏడాదికీ కోత పడుతుంది. ఆ పథకంలో 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు. ఉద్యోగానికి ముసలివాడు, పింఛనుకు చిన్నవాడు! ఈ రెంటి మధ్య పదేళ్లు అతడు ఎలా బతకాలో ఏ చట్టమూ చెప్పలేదు.

స్త్రీల విషయంలో ఈ గీత ఇంకా ముందే పడుతుంది. ఒకప్పుడు ఎయిరిండియా విమాన పరిచారికలు మామూలుగా 35 ఏళ్లకే విరమించాలని, మొదటిసారి గర్భవతి అయితే ఉద్యోగం వదలాలని నిబంధనలు ఉండేవి. 1981లో నర్గీస్ మీర్జా కేసులో సుప్రీంకోర్టు గర్భం నిబంధనను కొట్టివేసింది. నిబంధన పోయినా ఆలోచన పోలేదు. పిల్లల్ని పెంచడానికి పదేళ్లు ఉద్యోగం మానిన తల్లి నలభయ్యో ఏట మళ్లీ దరఖాస్తు పెడితే, ఆ పదేళ్లు ఆమె ఏమీ చేయనట్టే లెక్కగడుతున్నారు.

ముప్పైఅయిదో, యాభైఅయిదో

ముసలివారు దిగితేనే కదా కుర్రాళ్లు ఎక్కేది అని కొందరంటారు. ఇది తేలిగ్గా తోసేయదగిన వాదన కాదు. మన సంఘాల్లో డిగ్రీ పట్టాలతో ఖాళీగా ఉన్న యువకులు ఎంతమందో మనకు తెలుసు. తెలుగువారు ఈ వాదనను ఒకసారి అమలుచేసి చూశారు కూడా.

1983 ఫిబ్రవరిలో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి ఒక్కసారిగా 55కు తగ్గించింది. నిరుద్యోగ యువతకు అవకాశాలు రావాలన్నది చూపిన కారణాల్లో ముఖ్యమైనది. అప్పటికే 55 దాటిన వేలాది మంది ఆ నెలాఖరుకే ఇంటికి వెళ్లాల్సివచ్చింది. కూతురి పెళ్లికి ముహూర్తం పెట్టుకున్నవారు, ఇంకా మూడేళ్లుందని ఇల్లు మొదలుపెట్టినవారు అందులో ఉన్నారు. కె. నాగరాజు కేసులో 1985 జనవరిలో సుప్రీంకోర్టు ఆ నిర్ణయం చెల్లుతుందని తీర్పిచ్చింది. అయితే తీర్పు రాకముందే, 1984 ఆగస్టులో విరమణ వయసు మళ్లీ 58 అయింది. నడుమ ఇంటికి పోయినవారికి ఆ మేలు దక్కకుండా చేసిన నిబంధన చెల్లదని, బి. ప్రభాకరరావు కేసులో 1985 ఆగస్టులో అదే కోర్టు చెప్పాల్సివచ్చింది.

తర్వాతి కథ ఇంకా ఆలోచించదగినది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో విరమణ వయసు 60 అయింది, 2022 జనవరిలో 62 అయింది. తెలంగాణలో 2021లో 61 అయింది. ఆంధ్రప్రదేశ్ పెంచినప్పుడు విరమణ సొమ్ము చెల్లింపులు వాయిదా వేయడానికే ఇదంతా అన్న విమర్శ వినిపించింది, తమ అవకాశాలు పోతాయని నిరుద్యోగులు అభ్యంతరం చెప్పారు. మరోవైపు ఏళ్లతరబడి నోటిఫికేషన్లు రాక అభ్యర్థుల వయసు మీరిపోవడంతో, యూనిఫాం లేని ఉద్యోగాలకు గరిష్ఠ వయోపరిమితిని తెలంగాణ 2022లో 34 నుంచి 44కు, 2024లో 46కు పెంచింది.

ఈ అంకెలన్నీ ఒక వరుసలో పెట్టి చూడండి: 55, 58, 60, 61, 62. ఈ నలభై ఏళ్లలో ఏ ఉద్యోగి ఫైలు చదివే శక్తి ఏ ఏట పోతుందో కనిపెట్టి ఈ అంకెలు వేయలేదు. ప్రభుత్వ అవసరాన్ని బట్టి, ఖజానాను బట్టి గీత జరిగింది. గీత గీయక తప్పదు, నిజమే. కానీ మనం గీసిన గీతను దేవుడు గీసిన గీతగా భ్రమపడకూడదు.

పెద్దలు పనిలో ఉంటే కుర్రాళ్లకు పని పోతుందన్న లెక్క కూడా అంత సూటిగా నడవదు. ఆర్థికవేత్తలు జొనాథన్ గ్రూబర్, డేవిడ్ వైజ్ సంపాదకత్వంలో 2010లో వెలువడిన అధ్యయనం పన్నెండు సంపన్న దేశాల అనుభవాన్ని పరిశీలించింది. వృద్ధులను ముందుగా ఇంటికి పంపితే యువతకు ఉద్యోగాలు పెరిగాయనడానికి ఆధారాలు కనిపించలేదని అది తేల్చింది. ఒక్క ఆఫీసులో, లెక్కకు సరిపడా కుర్చీలున్న చోట ఒకరు లేస్తేనే ఇంకొకరు కూర్చుంటారు. దేశం మొత్తం ఒక్క ఆఫీసు కాదు. తండ్రి సంపాదిస్తుంటే ఆ జీతంతోనే బజారు నడుస్తుంది, కొడుకు చదువు పూర్తవుతుంది.

చట్టం ఉన్నచోట

వేలాది తెలుగు కుటుంబాలు స్థిరపడిన అమెరికాలో 1967లోనే ఉద్యోగాల్లో వయోవివక్షను నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఇరవైమంది, అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థల్లో 40 ఏళ్లు, ఆపై వయసువారికి అది రక్షణ ఇస్తుంది. మొదట 65 ఏళ్ల వరకే వర్తించేది. 1978లో 70కి పెంచి, 1986లో ఆ పైగీతను తీసేశారు. దాంతో చాలా ఉద్యోగాల్లో నిర్బంధ పదవీ విరమణ అనేదే లేకుండా పోయింది. పనికి నిజంగా అవసరమైన చోట వయోపరిమితి పెట్టుకోవడానికి ఆ చట్టం ఒప్పుకుంటుంది. అయితే అది ఎందుకు అవసరమో యజమానే రుజువు చేయాలి.

చట్టం ఉన్నంత మాత్రాన వివక్ష ఆగిందా? లేదు, వేషం మార్చుకుంది. ఆన్‌లైన్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పించే ఐట్యూటర్ గ్రూప్ అనే సంస్థ తన దరఖాస్తుల సాఫ్ట్‌వేర్‌లో 55 దాటిన స్త్రీలను, 60 దాటిన పురుషులను దానంతటదే తిరస్కరించే ఏర్పాటు చేసిందని అమెరికా సమాన ఉద్యోగావకాశాల కమిషన్ 2022లో కేసు వేసింది. అసలు పుట్టినతేదీతో తిరస్కారానికి గురైన ఒకామె, మిగతా వివరాలన్నీ అలాగే ఉంచి, తేదీ ఒక్కటి మార్చి మళ్లీ పంపితే ఇంటర్వ్యూకు పిలుపు వచ్చింది. సంస్థ తప్పు ఒప్పుకోలేదు కానీ, 2023లో 3,65,000 డాలర్లు చెల్లించడానికి ఒప్పుకుంది. తిరస్కారం పొందిన రెండువందలమందికి పైగా అభ్యర్థులకు చెందే సొమ్ము అది. మేస్త్రీ అయితే కనీసం ముఖం చూసి వద్దంటాడు. యంత్రం ముఖం కూడా చూడదు.

ఇక సంఘాలు ప్రత్యేకంగా ఆలోచించాల్సిన తీర్పు ఒకటుంది. కాలిఫోర్నియాలో ఒక క్యాథలిక్ పాఠశాల తన ఉపాధ్యాయురాలిని మొదట పూర్తికాలం నుంచి పాక్షిక ఉద్యోగానికి మార్చి, తర్వాతి ఏడాది కాంట్రాక్టు పొడిగించలేదు. తన స్థానంలో చిన్నవయసువారిని పెట్టుకోవడానికే ఇలా చేశారని ఆమె వయోవివక్ష చట్టం కింద కోర్టుకెళ్లింది. ఆమె పనితీరే కారణమని పాఠశాల వాదించింది. ఈ రెంటిలో ఏది నిజమో కోర్టు తేల్చనేలేదు. మతవిశ్వాసాన్ని బోధించే బాధ్యత ఉన్నవారిని ఎంచుకోవడంలో, తొలగించడంలో కోర్టులు జోక్యం చేసుకోకూడదంటూ 2020 జూలైలో అమెరికా సుప్రీంకోర్టు 7–2 ఆధిక్యంతో పాఠశాల పక్షాన తీర్పిచ్చింది.

మతస్వేచ్ఛ దృష్టితో చూస్తే ఆ తీర్పుకు బలమైన కారణాలున్నాయి. బోధకుణ్ని నియమించేది ప్రభుత్వం కాకూడదు. కానీ దాని అర్థమేమిటో కూడా గ్రహించాలి. బయటి యజమాని జవాబు చెప్పాల్సిన ప్రశ్నకు అక్కడి క్రైస్తవ సంస్థ కొన్ని సందర్భాల్లో జవాబు చెప్పనక్కర్లేదు. మన దేశంలోనైతే ప్రైవేటు యజమానులెవరినీ ఆ ప్రశ్న అడిగే చట్టమే లేదు. మనుషులు అడగని చోట దేవుడు అడుగుతాడని నమ్మేవారమే కదా మనం!

లేఖనాలు ఏమంటున్నాయి?

పరిశుద్ధ గ్రంథమే వయసును బట్టి విలువ కట్టలేదా అని ఎవరైనా అడగవచ్చు. లేవీయకాండం 27లో ఇరవై నుంచి అరవై ఏళ్ల పురుషునికి యాభై తులాల వెండి, అరవై దాటినవానికి పదిహేను తులాలు అని ఉంది. అది మొక్కుబడి చెల్లింపుల పట్టిక. మొక్కుకున్నవారు ఆలయానికి చెల్లించాల్సిన సొమ్ము అది, మనిషి ఖరీదు కాదు. అంత కూడా ఇచ్చుకోలేని పేదవానికి అతని స్తోమతను బట్టి యాజకుడు నిర్ణయించాలని అక్కడే ఉంది. ఆ పట్టిక ముసలివారి మీద భారం తగ్గించింది కానీ వారి గౌరవం తగ్గించలేదు.

లేవీయుల సేవానియమం మరింత స్పష్టం. సంఖ్యాకాండం 8వ అధ్యాయం ప్రకారం లేవీయుడు ఇరవై అయిదో ఏట ప్రత్యక్షపు గుడారపు సేవలో చేరతాడు, యాభయ్యో ఏట ఆ పని మానుకోవాలి. గుడారం విప్పడం, మోయడం, మళ్లీ నిలబెట్టడం తేలికైన పనులు కావు. శరీరానికి హద్దు ఉందని దేవుడు ఒప్పుకున్నాడు. అయితే అంతటితో ఆపలేదు. యాభై దాటినవాడు తన సహోదరులకు తోడుగా అక్కడే ఉండాలన్నాడు. భుజం మీది బరువు దించాడు కానీ, గుడారంలోంచి గెంటలేదు. విరమణ అంటే ఏమిటో ఏ మానవ వనరుల శాఖా ఇంతకన్నా మెరుగ్గా చెప్పలేదు.

హద్దును ఒప్పుకున్న ఆ దేవుడే హద్దు దాటినవారిని పిలిచాడు కూడా. ఫరో ముందు నిలబడినప్పుడు మోషే వయసు ఎనభై. ఎనభై అయిదేళ్ల కాలేబు తనకు కొండసీమ కావాలని అడిగితే యెహోషువ అతని వయసు చూసి కాదనలేదు, దీవించి ఇచ్చాడు (యెహోషువ 14). మరోవైపు, తాను బాలుణ్నని వెనకాడిన యిర్మీయాను దేవుడు వెనక్కి పంపలేదు. యౌవనాన్ని చూసి ఎవరూ తృణీకరించకుండా చూసుకోమని పౌలు తిమోతికి రాశాడు. వయసు చూసి తోసేయడం రెండు వైపులా జరుగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వయోవివక్షపై ఇచ్చిన నివేదిక కూడా చిన్నవారు దీనికి గురవుతున్న సంగతిని గుర్తుచేసింది. అనుభవం లేదని కుర్రవాణ్ని, అనుభవం ఎక్కువైందని పెద్దవాణ్ని పంపేసే లోకం ఇద్దరినీ మనుషులుగా చూడడం లేదు.

మన సంఘం ఏం చేయాలి?

ముందుగా మన ఇల్లు చక్కదిద్దుకోవాలి. క్రైస్తవ ఆసుపత్రులు, బడులు, కళాశాలలు, సేవాసంస్థలు తమ ప్రకటనల్లోని వయోపరిమితిని ఒకసారి తీసి చూడాలి. ఆ పనికి ఆ పరిమితి ఎందుకో కారణం చెప్పగలిగితే ఉంచవచ్చు. అలవాటుగా రాసిందైతే కొట్టేయాలి. కాపరిని పిలిచేటప్పుడు కూడా యువకుడైతేనే యువత వస్తుందన్న ఒక్క లెక్కతో దరఖాస్తులు పక్కన పెట్టడం సబబేనా? బంగారు ఉంగరం చూసి ఆసనం వేయడం తప్పని యాకోబు రాసిన పత్రిక (2వ అధ్యాయం) మనకు తెలుసు. నల్లజుట్టు చూసి ఆసనం వేయడం ఏ లెక్కలోకి వస్తుంది?

రెండోది, సంఘంలో వ్యాపారాలున్న విశ్వాసుల బాధ్యత. దుకాణం లెక్కలు రాయడానికి, గోదాము చూసుకోవడానికి, బడి ఆఫీసులో కూర్చోవడానికి యాభై దాటినవారు చాలాచోట్ల సరిపోతారు. ఎక్కువ జీతం అడుగుతారేమో, చిన్నవాడి కింద పనిచేయరేమో, కంప్యూటర్ నేర్చుకోరేమో అని మనమే ఊహించుకుని పిలవడం మానేస్తాం. పిలిచి అడిగితే కదా తెలిసేది!

మూడోది, ప్రార్థన. ప్రతి ఆదివారం యౌవనస్థుల ఉద్యోగాల కోసం ప్రార్థిస్తాం. ఉద్యోగం పోయిన యాభై ఏళ్ల సహోదరుడు తన సంగతి చెప్పుకోలేక పోతున్నాడు, చెప్పుకుంటే విశ్వాసం తక్కువని అనుకుంటారేమోనని వెనుక బెంచీలో కూర్చుంటున్నాడు. కొన్నాళ్లకు రావడమే మానేస్తాడు. కానుకల కవరు తేలికైందని గమనించేవారు ఉంటారు కానీ, ఎందుకు తేలికైందని అడిగేవారు ఉండరు. సంఘపెద్దలు అతని ఇంటికి వెళ్లాలి. సలహా చెప్పడానికి కాదు, వినడానికి. యువతకు కెరీర్ సదస్సులు పెట్టే సంఘాలు నలభై అయిదు దాటినవారికి ఒక సాయంత్రం కేటాయించలేవా? కొత్త పరిజ్ఞానం నేర్పడానికి ఆ సంఘంలోనే ఇంజనీరింగు చదివిన పిల్లలున్నారు. ఆ పిల్లలకు జీవితానుభవం ఇవ్వడానికి ఈ పెద్దలున్నారు.

ద్రాక్షతోట ఉపమానం ముఖ్యంగా దేవుని కృపను గురించి చెప్పింది, అది కార్మిక శాసనం కాదు. అయినా ఆ యజమాని నడక గమనించదగినది. పొద్దున్నే తనకు కావలసినవారు దొరికారు కదా అని ఇంట్లో కూర్చోలేదు. సాయంత్రం దాకా మళ్లీ మళ్లీ వీధిలోకి వెళ్లాడు, మిగిలిపోయినవారిని వెతికి ఎందుకు మిగిలారని అడిగాడు. వాళ్లు చెప్పింది నమ్మాడు, తోటలోకి పంపాడు. ఆ యజమానికి చెందినవారమని చెప్పుకునే మనం ఈ వారం ఎవరో ఒకరి తలుపు తట్టి ఆ ప్రశ్న అడుగుదాం.